బొమ్మలో నిజంగా ఉన్న గుర్తులతో నడిచే థ్రిల్లర్లు ఏమైనా ఉన్నాయా?

మతచరిత్ర, పాత చిత్రాల్లో దాగిన సంకేతాలు కలిసిన థ్రిల్లర్ నవలలంటే నాకు ప్రాణం. 'ద డా విన్సీ కోడ్' ఏకబిగిన చదివేశాను. కానీ అందులో వందల ఏళ్ల నాటిదని చెప్పిన ప్రయరీ ఆఫ్ సియోన్ సంఘాన్ని 1956లో ఫ్రాన్స్‌లో పియర్ ప్లాంటార్, అతని మిత్రులు రిజిస్టర్ చేయించారని తెలిశాక బాగా నిరాశపడ్డాను.

అసలు కల్పించాల్సిన పనేముంది? చిత్రకారుడు హోల్‌బైన్ 1533లో వేసిన 'ది అంబాసిడర్స్' బొమ్మ చూడండి, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఇద్దరు పెద్దమనుషుల కాళ్ల దగ్గర సాగదీసిన మరకలాంటిది కనిపిస్తుంది. పక్కకి జరిగి ఓరగా చూస్తే అది పుర్రె! ఎడమవైపు పైమూలన ఆకుపచ్చ తెర చాటున సగమే కనబడే శిలువ. కింది అరలో తీగ తెగిన ల్యూట్ వాయిద్యం, దాని పక్కనే పోప్‌ని ఎదిరించిన మతసంస్కర్త మార్టిన్ లూథర్ కీర్తనలున్న పుస్తకం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకుంటున్న రోజులవి. ఒక నవలకి ఇంతకన్నా ఏం కావాలి!

ఇలా బొమ్మలో అందరికీ కనిపించే గుర్తు మీదే కథ నడిపిన నవలలు చెప్పగలరా? తెలుగైనా ఇంగ్లీషైనా పర్వాలేదు. ఏది చరిత్ర, ఏది కల్పన అని రచయిత చివర్లో విడమరిచి చెప్పి ఉంటే మరీ మంచిది. క్రైస్తవమే కానక్కర్లేదు, బౌద్ధ, జైన శిల్పాల చుట్టూ అల్లిన కథలైనా సరే. హంతకుడెవరో మాత్రం చెప్పేయకండి, ప్లీజ్.