రాత్రి స్టాండప్ ఉన్నవాళ్లు ఉదయం చాట్ మూసేయడం తప్పా?

కూకట్‌పల్లి కోడర్:
మా టీమ్ సగం న్యూజెర్సీలో ఉంది. వాళ్ల ఉదయం 9:30 స్టాండప్, అంటే రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్, మనకు ఎండాకాలంలో రాత్రి 7కి, నవంబర్‌లో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక 8కి పడుతుంది. అందుకే ఉదయం 8 నుంచి 12 దాకా చాట్ మూసేసి కోడ్ మాత్రమే రాస్తున్నాను. మెయిళ్లు, రివ్యూలు మధ్యాహ్నమే. రెండు నెలల్లో నా బగ్గులు బాగా తగ్గాయి. మేనేజర్‌కు మాత్రం నేను ఆన్‌లైన్‌లో కనపడటం లేదని కోపం. అందరూ ఇలాగే చేయాలంటాను.

టమాటా టైమర్:
నాలుగు గంటలు ఏకబిగిన కుదరదండీ. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో, చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

కూకట్‌పల్లి కోడర్:
25 నిమిషాల్లో మా బిల్డే, అంటే రాసిన కోడ్ ప్రోగ్రామ్‌గా తయారవడమే, పూర్తికాదు.

టమాటా టైమర్:
బిల్డ్ అయ్యేలోపు లేచి నడవండి. అదే విరామం.

కూకట్‌పల్లి కోడర్:
నేను అడిగింది చాట్ గురించి, నడక గురించి కాదు.

టెస్టింగ్ అక్క:
చాట్ గురించే చెప్తా. రాత్రి మీరిచ్చిన బిల్డ్ పొద్దున తెరుచుకోకపోతే టెస్టర్ ఎవర్ని అడగాలి? మధ్యాహ్నం జవాబొస్తే మా పని సాయంత్రానికి మొదలవుతుంది. మా పాత టీమ్‌లో ఒకాయన ఇలాగే చేసేవారు. నేను డేకేర్‌కు వెళ్లేసరికి పాప ఒక్కతే మిగిలేది, ఆయా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉండేది.

కూకట్‌పల్లి కోడర్:
అది ప్లానింగ్ లోపం. మీరూ ఆరింటికే మొదలుపెట్టొచ్చు కదా.

టెస్టింగ్ అక్క:
ఆరింటికి కుక్కర్ పెడతాను. రెండు బాక్సులు సర్ది ఏడున్నరకు బడి వ్యాన్ ఎక్కిస్తాను. ఎనిమిదింటికి మీకు టిఫిన్ ఎవరు పెడుతున్నారు?

మియాపూర్ మెట్రో:
దీనికి జవాబు చెప్పండి అన్నా.

కూకట్‌పల్లి కోడర్:
మా అమ్మ పెడుతుంది. ఇంటి విషయాలు ఎందుకు తీస్తారు? రాత్రి కాల్ అయ్యేసరికి మా నాన్న నిద్రపోతారు. ఉదయం పని తెమిలితే మధ్యాహ్నం ఆయనతో కూర్చుని అన్నం తినొచ్చు. ఆ ఒక్క గంట కోసమే నా తాపత్రయం.

పాత ఉద్యోగి:
ఎనిమిదికి మొదలై రాత్రి ఎనిమిదిన్నర అంటే పన్నెండున్నర గంటలు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే విరామాలతో కలిపి పదిన్నర దాటకూడదని రాశారు. ఆ చట్టం మన ఆఫీసులకు వర్తించేది కాదు, కానీ ఆ మాట మనిషి ఒంటికి వర్తిస్తుంది. కాల్ ఉన్న రోజు పదకొండుకు వస్తామని ఇద్దరూ అడగండి.

టెస్టింగ్ అక్క:
పదకొండుకొస్తే నా సాయంత్రం ఇంకా పోతుంది సార్. స్టాండప్ వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజులు రాసి పంపుకుందాం.

కూకట్‌పల్లి కోడర్:
దానికి ఒప్పుకుంటాను, మేనేజర్‌ను అడుగుతాను. చాట్ మాత్రం తెరవను. అత్యవసరమైతే ఫోన్ చేయమంటాను.

టెస్టింగ్ అక్క:
ఫోన్ చేయడానికి కొత్తవాళ్లు మొహమాటపడతారు. పదింటికి ఒక్క పావుగంట తెరవండి.