ఇంటి కాన్పుకు లైసెన్స్ ఇస్తే ఏ షరతులతో ఇవ్వాలి?

సెమినార్_ముసాయిదా:
ఇంట్లో పురుడు పోసుకోవడం మన దగ్గర నేరం కాదు. పురుడు పోసే మనిషికే హద్దూ లేదు, అండా లేదు. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో 18 నెలల శిక్షణతో నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్ (పురుళ్ళు పోసేందుకు ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు) కేడర్ పెట్టారు గానీ, అది సర్కారు ఆసుపత్రుల లోపలి పని. ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు కూడా లైసెన్స్ ఇవ్వాలంటే డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి చేయాలా? ఇంతకుముందు సిజేరియన్ అయినవాళ్ళను మినహాయించాలా? హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

నల్లకోటు:
"డాక్టర్ పర్యవేక్షణ" అన్న మాట రాశారంటే మీ చట్టం కాగితం మీదే ఉండిపోతుంది. కాలిఫోర్నియా 1993లో లైసెన్స్ ఇస్తూ ఈ షరతే పెట్టింది. బీమా కంపెనీలు ఒప్పుకోక, పర్యవేక్షణకు ముందుకొచ్చే డాక్టర్లు దొరకలేదు. 2013లో ఆ షరతు ఎత్తేశారు, ఊరికే మాత్రం కాదు, బదులుగా వేరే షరతులు పెట్టారు. ఒకే బిడ్డ, తల కిందికి ఉండాలి, 37 నుంచి 42 వారాల మధ్య కావాలి, తల్లికి ముందునుంచీ జబ్బులుండకూడదు. ఇందులో ఏది తప్పినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

మీరు పర్యవేక్షణకు బదులు ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం అడగండి. కేసు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అప్పగించారో, అప్పటికి బీపీ, నాడి, బిడ్డ గుండె ఎలా ఉన్నాయో ఒక్క పేజీలో ఉండాలి, ఇద్దరి సంతకాలతో. ఆ కాగితం లేకపోతే రేపు వినియోగదారుల కమిషన్‌లో ఆఖరున చెయ్యేసిన డాక్టరే దొరుకుతాడు. ఆ భయానికే గేటు దగ్గర నుంచే తిప్పి పంపేస్తారు.

లేబర్‌రూం_ట్యూటర్:
లాయర్లు మందుల సంగతి మర్చిపోతుంటారు. కాన్పయ్యాక గర్భసంచిని ముడిపించి రక్తం ఆపే ఆక్సిటోసిన్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టర్ చీటీ లేనిదే షాపులో ఇవ్వకూడదు. కాబట్టి లైసెన్స్‌తోపాటే మందుల జాబితా రావాలి: ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు, అది లేని చోట మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాములు నోటికి, రక్తం ఆగకపోతే ట్రానెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము నరానికి, బిడ్డకు విటమిన్ కె 1 మిల్లీగ్రాము. ఆక్సిటోసిన్ 2–8 డిగ్రీల్లో ఉండాలి. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో తిరిగిన ఆంప్యూల్‌లో ఎంత పస మిగిలిందో చూసి చెప్పలేం. ఐస్ బాక్సు కూడా రూల్‌లో రాయండి.

అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డ బయటికి రాకముందు ఇంట్లో ఆక్సిటోసిన్ వేయడం పూర్తిగా నిషేధించాలి. నొప్పులు పెంచుదామని వేస్తారు. గర్భసంచి నొప్పికీ నొప్పికీ మధ్య సడలదు, బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది, సంచి చిట్లనూ వచ్చు. బిడ్డ పుట్టాక పొట్ట తడిమి, లోపల ఇంకో బిడ్డ లేదని తేల్చుకున్నాకే సూది.

ఇంట్లో తరచూ తప్పేది రక్తం అంచనా. పరుపు పీల్చేసుకుంటుంది, పైకి కనిపించేది కొంతే. నడుము కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి వేసి, 500 మిల్లీలీటర్లు రాగానే బండి ఎక్కించాలి. శిక్షణ ఉన్నవాళ్ళు ఇద్దరుండాలి. ఏడవని బిడ్డకు నిమిషంలోపు అంబూ బ్యాగుతో (చేత్తో నొక్కి గాలి పంపే సంచి) ఊపిరి అందించాలి, అదే సమయంలో తల్లికి రక్తం పోతుంటే ఒక్కరికి రెండు చేతులు చాలవు.

లెక్కలవాడు:
పై ఇద్దరితో ఏకీభవిస్తాను గానీ, ఆ షరతులన్నీ పెట్టాక మిగిలేదెవరు? ఇంగ్లండ్‌లో 2011 అధ్యయనం చూడండి. తొలి కాన్పు ఇంట్లో అనుకున్నవాళ్ళలో వెయ్యికి 9.3 మంది బిడ్డలకు తీవ్రమైన ఇబ్బంది వచ్చింది, ఆసుపత్రి ప్రసూతి విభాగంలో 5.3. పైగా 45 శాతం మందిని మధ్యలో తరలించాల్సి వచ్చింది. మలి కాన్పుల్లో అలాంటి తేడా కనిపించలేదు, తరలించింది 12 శాతమే. అంటే అక్కడ ఇంటి కాన్పుకు అనువైనవాళ్ళు మలి కాన్పు తల్లులు. మన రాష్ట్రంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. మలి కాన్పుకు వచ్చేవాళ్ళలో చాలామందికి పొట్ట మీద కుట్లున్నాయి. వాళ్ళను తీసేస్తే చట్టం కొద్దిమందికే. ఉంచితే, దాదాపు 200 మందిలో ఒకరికి పాత కుట్టు దగ్గర సంచి చిట్లే ప్రమాదం.

ఆసుపత్రి దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి. సాయంత్రం ఏడింటికి మియాపూర్ నుంచి పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి ఎంతసేపో లెక్కేయండి. స్ట్రెచర్ లిఫ్టులో పడుతుందా, గల్లీలోకి 108 వస్తుందా అన్నది కూడా మిడ్‌వైఫ్ ముందే చూసి రాసుకోవాలి.

సెమినార్_ముసాయిదా:
మరి కుట్లున్నవాళ్ళను ఏం చేద్దామంటారు? వద్దంటే వాళ్ళు లైసెన్స్ లేనివాళ్ళ దగ్గరికే పోతారు కదండీ.

లేబర్‌రూం_ట్యూటర్:
కొంతమంది పోతారు, కాదనను. అయినా ఇంట్లో మాత్రం వద్దు. ఆపరేషన్ థియేటర్ గోడ పక్కనే మిడ్‌వైఫ్‌లు నడిపే గది పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఇంటి కాన్పు కోరేవాళ్ళకు అది ఆసుపత్రిలాగే ఉంటుంది, డాక్టర్లకు తమ మాట చెల్లదని కోపం. రెండువైపులా తిట్లు తినే రాజీ అది, అయినా నేను దానివైపే.

నల్లకోటు:
చిన్న సంగతి ఒకటి. పుట్టుక 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో అయితే వాళ్ళే పంపుతారు, ఇంట్లో అయితే ఇంటి పెద్ద మర్చిపోతాడు. ఈ బాధ్యత మిడ్‌వైఫ్‌కి పెట్టడానికి కొత్త క్లాజు అక్కర్లేదు. 1969 జనన మరణాల చట్టం పదో సెక్షన్‌లో కాన్పు దగ్గరున్న మిడ్‌వైఫ్ రిజిస్ట్రార్‌కి తెలపాలని ముందునుంచే ఉంది.