రెండు శాఖలకూ నూటికి నూరు శాతం వచ్చింది, రోడ్డు మాత్రం మిగల్లేదు. ఏం చేయాలి?

ప్రశ్న (ప్రణాళికా విభాగం ఉద్యోగి):
రోడ్ల శాఖ మార్చిలో తారు వేసింది. మే నెలలో తాగునీటి శాఖ పైపుల కోసం అదే రోడ్డు తవ్వింది. సమీక్ష పట్టికలో ఇద్దరికీ లక్ష్యం 100 శాతం పూర్తి అని నింపింది నేనే. రాసింది అబద్ధం కాదు, అదే నా బాధ. తవ్వకం గురించి ముందే పంపిన లేఖ రోడ్ల శాఖ ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కింది కానీ, ఇంజినీరు బల్ల మీదికి రాలేదు. సమన్వయ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. "సంబంధిత శాఖలు సమన్వయంతో వ్యవహరించాలి" అని ప్రతిసారీ మినిట్స్ రాస్తాం. మిగతా దేశాల్లో దీన్ని ఎలా దారికి తెచ్చారు?

జవాబు (రిటైర్డ్ అధికారి):
మీ కమిటీకి వచ్చేదెవరండీ? "మా సార్‌కి చెబుతాను" అనేవాళ్ళే వస్తుంటే ఎన్నిసార్లు కూర్చున్నా అంతే. మలేషియా 2009లో ప్రధాని కార్యాలయం కింద పెమాండు అనే విభాగం పెట్టింది. ఒక్కో సమస్య మీద వేర్వేరు శాఖల అధికారులను వారాల తరబడి ఒకేచోట కూర్చోబెట్టి, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి, ఏ డబ్బుతో అన్నది అక్కడే తేల్చారు. ఆ పద్ధతినే టాంజానియా 2013లో తీసుకుంది. నా సర్వీసులో నేను చూసిందీ అదే: సంతకం పెట్టగలిగిన ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే, ఆరు నెలలు తిరిగిన ఫైలు ఒక్క మధ్యాహ్నంలో కదిలింది.

జవాబు (ఆడిట్ ఉద్యోగి):
టార్గెట్లతో జాగ్రత్త. రువాండాలో 2006 నుంచి జిల్లా మేయర్లు దేశాధ్యక్షుడితో ఇమిహిగో అనే పనితీరు ఒప్పందాల మీద సంతకాలు చేస్తున్నారు. మంచిదే. కానీ ఉద్యోగం అంకె మీద ఆధారపడితే, సులువుగా అందే అంకెనే లక్ష్యంగా రాసుకుంటారు. అందుకే బయటివాళ్ళ మాట వినాలి. పాకిస్తాన్‌లోని పంజాబ్ ప్రావిన్సులో, ఆఫీసుకు వెళ్ళొచ్చిన వాళ్ళకు ప్రభుత్వమే ఫోన్ చేసి, లంచం అడిగారా అని కనుక్కుంది.

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, వచ్చేది సీనియర్ అసిస్టెంట్లే. వాళ్ళను తప్పుబట్టలేను, వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు. ఈసారి నోట్‌లో రెండు విషయాలు పెడుతున్నాను. తారు పనికి మంజూరు ఇచ్చేముందు తాగునీటి ఇంజినీరు సంతకం ఉండాలి. పైపులు పడి, రోడ్డు పూడ్చి, బండి నడిచాకే ఇద్దరి లక్ష్యమూ పూర్తయినట్టు రాయాలి. తవ్విన చోట పూడ్చే ఖర్చు ఏ శాఖ పద్దులో చూపాలో మాత్రం ఇంకా తేలలేదు. ఎక్కడైనా తేల్చి ఉంటే చెప్పండి, సోమవారంలోగా నోట్ పంపాలి.