తమ్ముడికి చూపు తగ్గిపోతోంది. కంప్యూటర్ నేర్పిస్తే బతుకుదెరువు దొరుకుతుందా?

ప్రశ్న: హాలియా అక్క

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. మా తమ్ముడికి ఇరవై ఏళ్లు. నల్లగొండలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడికి రేచీకటి ఉంది; పొద్దుగూకాక బయట తిరగనీయకుండా నెట్టుకొచ్చాం. ఇంటర్ పూర్తయ్యేసరికి పక్కనున్న మనిషి కూడా కనపడటం మానేశాడు. హైదరాబాద్‌లో చూపిస్తే రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేల్చారు. పోయిన చూపును వెనక్కి తెచ్చే మందు లేదని, ఉన్నది కూడా మెల్లమెల్లగా తగ్గుతుందని చెప్పారు. ప్రస్తుతం ఎదురుగా పెద్ద అక్షరాలు పెడితే చదవగలడు. సదరం ధ్రువపత్రం ఉంది, నెలకు 4,016 రూపాయల పింఛను వస్తోంది.

పింఛను వస్తోంది కదా, ఇంటి పట్టున ఉంచుకోండి అని చుట్టాలు అంటున్నారు. డిగ్రీ మాన్పించి ఊళ్లో కిరాణా కొట్టు పెట్టించాలని నాన్న ఆలోచన. నాకు మాత్రం వాడిని చదివించాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ వారు చూపు లేనివారికి ఆరు నెలల కంప్యూటర్ కోర్సు ఉందని, ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి పెద్ద మొత్తమే అడుగుతున్నారు. కళ్లు కనపడనివారు కంప్యూటర్ మీద నిజంగా ఏ పనులు చేయగలరు? వాటిలో నిలకడగా జీతం వచ్చేవి ఏవి? ఈ కోర్సులో చేర్పించమంటారా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: పాలమూరు బ్యాంకు ఉద్యోగి

అమ్మా, నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ణి. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒకటే: ఎవరెన్ని చెప్పినా డిగ్రీ మాన్పించకండి. బ్యాంకు క్లర్కు ఉద్యోగం నుంచి గ్రూప్స్ వరకు చాలా పరీక్షలకు కనీస అర్హత డిగ్రీయే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కొలువుల్లో దివ్యాంగులకు కనీసం 4 శాతం కేటాయించాలి. అందులో 1 శాతం అంధులకు, అల్పదృష్టి ఉన్నవారికి ప్రత్యేకంగా దక్కుతుంది. దీనికి ధ్రువపత్రంలో వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉండాలి. మీ తమ్ముడిది ఏటేటా పెరిగే సమస్య కాబట్టి ఆ పత్రం శాశ్వతమైనదా, గడువున్నదా అన్నది ఇప్పుడే చూసుకోండి. దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా చేతిలో ఉండాలి. పరీక్షలో స్క్రైబ్‌ను, అంటే మనం చెబితే జవాబులు రాసిపెట్టే మనిషిని పెట్టుకునే వీలు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉంటాయి. స్క్రైబ్ నియమాలు మాత్రం మారుతుంటాయి గనుక, పాతవారు చెప్పిన మాట నమ్ముకోకుండా ఏ ఏటి నోటిఫికేషన్‌ను ఆ ఏడు చదువుకోవాలి.

ఇక కంప్యూటర్ సంగతి. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో మేము పనిచేస్తాం. కార్యాలయాల్లో ఎక్కువగా వాడే జాస్ అనే స్క్రీన్ రీడర్ ఖరీదైనది. ఎన్‌వీడీఏ అనేది పూర్తిగా ఉచితం. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే అంధ యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. అది విండోస్ ఉన్న ఏ మామూలు ల్యాప్‌టాప్‌లోనైనా నడుస్తుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరేవాళ్ల కంప్యూటర్ మీద కూడా వాడుకోవచ్చు. అంటే నేర్చుకోవడం మొదలుపెట్టడానికి మీరు ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు.

మొదటి రోజు ఏం చేయాలో చెబుతాను. ఎన్‌వీడీఏ ఆన్ చేసి, ఇన్సర్ట్ కీని పట్టుకుని అక్షరాల పైవరుసలో ఉన్న 1 నొక్కమనండి. ఆ తరువాత ఏ కీ నొక్కినా కంప్యూటర్ ఆ పని చేయదు, కీ పేరు మాత్రం పలుకుతుంది. ఏదో పాడైపోతుందన్న భయం లేకుండా కీబోర్డంతా చేతులతో తడుముకోవచ్చు. ఎఫ్, జె కీల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. రెండు చూపుడువేళ్లు వాటి మీద నిలిపితే మిగిలిన అక్షరాలు ఎక్కడున్నాయో వేళ్లకే అలవాటవుతుంది. మళ్లీ ఇన్సర్ట్, 1 నొక్కితే మామూలుగా పనిచేస్తుంది. మాట మరీ వేగంగా అనిపిస్తే తగ్గించుకోవచ్చు. కొన్నాళ్లకు తానే పెంచుకుంటాడు. నా కంప్యూటర్ మాట్లాడే వేగానికి పక్క సీటువారికి ఒక్క ముక్క అర్థం కాదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కాస్త చూపు మిగిలినవారు అక్షరాలు పెద్దవి చేసుకుని, ముక్కు తెరకు ఆనించి చదవడానికే ఇష్టపడతారు, అందులో తప్పేమీ లేదు కూడా. అయితే మీ తమ్ముడి చూపు తగ్గుతుందని డాక్టర్లే చెప్పారు. ఉన్న చూపు ఉండగానే, రోజూ కొంతసేపు తెర ఆర్పేసి చెవితోనూ వేళ్లతోనూ పనిచేయడం నేర్చుకోవాలి. పూర్తిగా పోయాక నేర్చుకుందామంటే అప్పటి దుఃఖమూ కొత్త చదువూ ఒకేసారి మీద పడతాయి.

ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను నమ్మకండి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తిరిగి రానివారి కోసం పునరావాస విభాగం ఉంది. దృష్టి లోపం ఉన్నవారి కోసం డెహ్రాడూన్‌లో ఉన్న జాతీయ సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ రెండు చోట్లా కనుక్కోకుండా ఎక్కడా డబ్బు కట్టవద్దు. ఆ శిక్షణ సంస్థలో నేర్చుకుని ఇప్పుడు జీతం తీసుకుంటున్నవారితో ఫోన్‌లో మాట్లాడించమని అడగండి. సాకులు చెబితే ఆ గడప తొక్కకండి.

జవాబు: దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు

అక్కా, నాకు ఇంటర్‌లో చూపు పోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ యాక్సెసిబిలిటీ టెస్టర్‌గా, అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు దివ్యాంగులు వాడుకునేలా ఉన్నాయో లేదో పరీక్షించే పనిలో ఉన్నాను. పై అన్నగారి మాటల్లో అన్నీ ఒప్పుకుంటాను గానీ, ప్రభుత్వ పరీక్షల మీదే మొత్తం భారం వేయవద్దని నా మనవి. మన జిల్లాలో నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ ముప్పై దాటిన తోటివారిని చాలామందిని చూశాను. పరీక్షలకు చదువుతూనే, ఈలోగా చేతిలో ఒక పని ఉండాలి.

నా పని ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక టికెట్ల యాప్‌లో డబ్బు చెల్లించే బటన్ మీద బొమ్మ మాత్రమే ఉందనుకోండి. చూసేవారికి తెలుస్తుంది, నాకు మాత్రం స్క్రీన్ రీడర్ 'బటన్' అని ఊరుకుంటుంది, ఏ బటనో చెప్పదు. నేను ఏ కీలు నొక్కాను, ఏం వినపడింది, ఏం వినపడాల్సింది, డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణంలోని ఏ నియమం దెబ్బతింది అన్న నాలుగు సంగతులూ రాసి ఇంజినీర్లకు పంపాలి. ఈ ఉదాహరణలో అది 4.1.2 నియమం. నివేదిక చదివిన ఇంజినీరుకు మళ్లీ నన్ను అడగాల్సిన పని పడకూడదు. కాబట్టి కంప్యూటర్ ఎంత వచ్చినా, తప్పుల్లేని ఇంగ్లిషు నాలుగు వాక్యాలు రాయలేకపోతే ఇంటర్వ్యూ దాటడం కష్టం. తెలుగు మీడియంలో చదివిన నాకు ఎక్కువ కాలం పట్టింది స్క్రీన్ రీడర్‌తో కాదు, ఇంగ్లిషుతోనే.

ఈ పనికి గిరాకీ పెరగడానికి కారణం చట్టాలు. ఐరోపా సమాఖ్య తెచ్చిన యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడ వ్యాపారం చేసే కంపెనీలకు పనిచేసి పెట్టే హైదరాబాద్ సంస్థలకూ దాని ప్రభావం తగులుతుంది. మన దగ్గర 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని తీర్పు ఇచ్చింది. ముఖం చూపించి రెప్ప కొట్టమనే బ్యాంకు కేవైసీ పద్ధతి మీద వేసిన కేసు అది. ఆ రెప్ప దగ్గర ఆగిపోయినవారికి ఆ తీర్పు విలువ తెలుస్తుంది.

కోడింగ్ కూడా సాధ్యమే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వరుస మొదట వదిలే ఖాళీని బట్టి అర్థం మారుతుంది. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో ఆ ఖాళీని పలికించే లేదా టోన్‌గా వినిపించే వీలుంది. పుణేలో పుట్టి, చిన్నతనంలోనే చూపు కోల్పోయిన టీవీ రామన్ గూగుల్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త. మీ తమ్ముడిది బీకాం కాబట్టి కోడింగ్ వైపు ఇష్టం లేకుంటే ఎక్సెల్ గట్టిగా పట్టుకోమనండి. గడి చిరునామా, అందులోని అంకె రెండూ వినపడతాయి గనుక ఖాతాల పని మాకు బాగా కుదురుతుంది. ఆడియో విని టైపు చేసే ట్రాన్‌స్క్రిప్షన్ పని ఒకప్పుడు మాలాంటివారికి పెద్ద ఆధారం. ఇప్పుడు ఆ పనిని యంత్రాలే ఎక్కువగా చేస్తున్నాయి, దాని కోసం కోర్సులు అమ్మేవారికి దూరంగా ఉండండి.

జవాబు: కోదాడ అమ్మ

మా అమ్మాయికి పూర్తిగా చూపు లేదు. ఒక కంపెనీలో వినియోగదారులకు చాట్‌లో జవాబులిచ్చే ఉద్యోగం చేస్తోంది. తనకు ఉద్యోగం వచ్చినప్పుడు మమ్మల్ని బాధపెట్టింది కంప్యూటర్ కాదు తల్లీ, బస్టాపు నుంచి ఆఫీసుకు నడిచే దారి. తెల్ల చేతికర్రతో ఒంటరిగా నడవడం నేర్పే శిక్షణ ఉంటుంది, దాన్ని కంప్యూటర్‌తో పాటే నేర్పించండి. చీకటి పడ్డాక బయటికి పోనీయలేదని రాశారు గనుక ఇది మరీ అవసరం. కర్ర పట్టుకుంటే ఊళ్లో వాళ్లు చూస్తారని మగపిల్లలు సిగ్గుపడతారు. మీరు తోడు నడిస్తే ఆ బిడియం పోతుంది. కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి, ఆర్టీసీ టికెట్టు రిజర్వేషన్ ఇక నుంచి ఇంట్లో ఎవరూ కట్టకుండా, చేయకుండా, వాడి ఫోన్‌లో తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టి వాడితోనే చేయించండి.

హాలియా అక్క

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ మాటలు నాన్నకు చదివి వినిపించాను. డిగ్రీ పూర్తి చేయించడానికి ఒప్పుకున్నారు. కొట్టు మాట తరువాత చూద్దామన్నారు. బంజారాహిల్స్ వెళ్లడానికి సెలవు పెట్టాను. తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వేశాం, కీలు తడుముతూ పొద్దంతా దాని దగ్గరే కూర్చున్నాడు. ఒక్క చిక్కు వచ్చింది. ఇంగ్లిషు బాగానే చదువుతోంది. కాలేజీలో సార్లు పంపిన తెలుగు నోట్సు తెరిస్తే మాత్రం ఒక ఫైలులో అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు పలుకుతోంది, మరో ఫైలులో అసలు నోరే విప్పడం లేదు. తెరమీద చూస్తే రెండూ చక్కని తెలుగే. ల్యాప్‌టాప్ లోపమా?

జవాబు: పాలమూరు బ్యాంకు ఉద్యోగి

ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ లేదమ్మా. తెలుగులో చదువుకునే మా అందరికీ ఎదురయ్యే ఇబ్బందే ఇది. మొదటి ఫైలు అను ఫాంట్లలో టైపు చేసినది అయి ఉంటుంది. వాటిలో తెలుగు అక్షరం కనిపించడమే గానీ లోపల ఉన్నది ఇంగ్లిషు అక్షరాల కోడ్. స్క్రీన్ రీడర్ లోపలి కోడ్‌ను చదువుతుంది కాబట్టి అలా పలుకుతోంది. అను నుంచి యూనికోడ్‌కు, అంటే తెలుగు అక్షరానికి తెలుగు కోడే ఉండే పద్ధతికి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. రెండోది కాగితాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్, అంటే వట్టి ఫొటో. దాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది. వత్తులు, అంకెలు కొన్ని తప్పు పడతాయి. అకౌంట్స్ పాఠాల్లో అంకె తప్పితే లెక్కే మారిపోతుంది కాబట్టి అవి మాత్రం మీరు పక్కన కూర్చుని సరిచూడండి. పాఠ్యపుస్తకాల కోసం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకోండి. చదవలేనివారికి అనువైన రూపంలో పుస్తకాలు అందించడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రారంభించిన ఆన్‌లైన్ గ్రంథాలయం అది.

మీ తమ్ముణ్ణి స్వయంగా సార్ల దగ్గరకు వెళ్లి, ఫొటో గానీ ప్రింటు గానీ కాకుండా యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలు ఇవ్వమని అడగమనండి. కాదంటే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద తేదీ, సంతకం వేయించుకోండి. ఆ దరఖాస్తును వాడే ఎన్‌వీడీఏతో టైపు చేయాలి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, సాయంత్రం బ్యాంకు అయ్యాక చూస్తాను.