అప్‌డేట్: తాత నోరు విప్పాడు!

చింతపల్లి కొండల్లో ఉండే మా తాత ఫోన్ ఎదురుగా పెడితే మాట్లాడట్లేదు, పాత సంగతులు ఎలా రికార్డు చేయాలి అని అడిగాను కదా. పనిలో ఉన్నప్పుడు కదిలించమన్న సలహా బ్రహ్మాండంగా పనిచేసింది.

నానమ్మ విస్తళ్లకి అడ్డాకులు కుడుతుంటే పక్కన కూర్చుని పోడు (కొండల మీద అడవి నరికి, కాల్చి చేసే సాగు) గురించి అడిగాను. ఆవిడ ఏదో తప్పు చెప్పిందని తాత అందుకున్నాడు, ఇక ఆగలేదు! నర్సీపట్నం రోడ్డు పనికి తన తండ్రిని లాక్కెళ్లడం, కూలి ఎగ్గొట్టడం, అల్లూరి దండు చింతపల్లి పోలీస్ స్టేషన్‌లో తుపాకులు పట్టుకుపోయాక ఊళ్లో పుట్టిన భయం... ఆ దాడి జరిగింది 1922 ఆగస్టు 22న. తాత మాత్రం "చోడి నాట్లప్పుడు" (అంటే రాగి నాట్లు వేసే రోజుల్లో) అంటాడు. అలాగే రాసుకున్నాను.

రికార్డింగులు రెండుచోట్ల దాచాను. చైత్రంలో మన్యంలో గిరిజనులు చేసుకునే ఇటుకల పండక్కి వెళ్లి నానమ్మ పాటలు పాడించుకోవాలి. మీ అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.