సమస్యాపూరణం: "ద్రోహి యైనట్టి మిత్రుఁడే త్రోవఁ జూపె"

తేటగీతి పద్యానికి చివరి పాదం ఇచ్చాను, ముందున్న మూడు పాదాలు మీరు పూరించాలి. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి మైత్రి (యతి) కుదరాలి. ప్రాస నియమం మాత్రం లేదు. కథలో నమ్మిన మిత్రుడు ద్రోహిగా తేలే ఘట్టమే వస్తువు. పురాణమైనా, నాటకమైనా, నవలైనా సరే. ద్రోహం చేసినవాడు త్రోవ చూపడమేమిటన్న చిక్కు విడిపోవాలి. అసలు పరీక్ష అదే.

మొదటి పూరణ

నంద వంశంబు కొఱకునై నడుము గట్టి
రాక్షసుఁడు జీవసిద్ధిని రహిని నమ్మె;
అతఁడు చాణక్య మిత్రుఁడే యంచు నెఱిఁగె;
ద్రోహి యైనట్టి మిత్రుఁడే త్రోవఁ జూపె.

విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసం ఎంచుకున్నందుకు అభినందనలు. అందులో రాక్షసుడు అన్నది నందుల మంత్రి పేరు. క్షపణకుడి (సన్న్యాసి) వేషంలో ఉన్న జీవసిద్ధి నిజానికి చాణక్యుడి సహాధ్యాయి ఇందుశర్మ. అయిదో అంకంలో ఆ సంగతి బయటపడగానే, శత్రువులు నా హృదయాన్ని కూడా వశం చేసుకున్నారు కదా అని రాక్షసుడు కుప్పకూలుతాడు. అంత గొప్ప క్షణం మీ చేతిలో ఉండగా "రహిని" అనే పదం యతి కోసమే వచ్చి కూర్చుంది. దానికన్నా పెద్ద లోపం అన్వయం. మూడో పాదానికీ సమస్యకూ ముడి పడలేదు. ఎక్కడికి త్రోవ? రాక్షసుడు చివరికి చంద్రగుప్తుడి మంత్రి అవుతాడు కాబట్టి మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:

అంతలో మౌర్యు కొలువున కతనిఁ జేర్చ

"కొలువునకు + అతని" సంధిలో అకారానికి స్వరయతి చెల్లుతుంది.

రెండవ పూరణ

కర్ణు రథమును దోలుచుఁ గఠినమైన
మాటలం గ్రుంగఁ జేసెను శల్యుఁ డపుడు;
ధర్మజున కన్న మాటకై తనదు పతికి
ద్రోహి యైనట్టి మిత్రుఁడే త్రోవఁ జూపె.

ఆర్యా, మూడో పాదం చక్కగా సమస్యలోకి దిగింది. "తనదు పతికి" అనడంతో ద్రోహం ఎవరికో, త్రోవ ఎవరికో ఒక్క దెబ్బతో తేలిపోయింది. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. "మా"కు "శ"తో మైత్రి లేదు. "మద్రవిభుఁడు" అంటే సరిపోతుంది, గణాలు చెడవు.

ఒక సభ్యురాలి ఆక్షేపణ: శల్యుడు పాండవులకు మేనమామ వరస, మిత్రుడు ఎలా అవుతాడు? న్యాయమైన ప్రశ్న. కానీ దుర్యోధనుడి ఆతిథ్యానికి లొంగి ఆ పక్షాన చేరాడు కనుక అటువైపు నుంచి చూస్తే మిత్రుడే. పూరణ నిలుస్తుంది.

మూడవ పూరణ

మొదటి పుటలోన నవ్విన మోము వెనుక
విషము దాగెను, కడపట వెలికి రాఁగ
పాఠకుఁడు వెన్కకుం బోయి పట్టె జాడ;
ద్రోహి యైనట్టి మిత్రుఁడే త్రోవఁ జూపె.

ఏ కథ పేరూ చెప్పకుండా కథన శిల్పాన్నే వస్తువుగా తీసుకున్నారు. త్రోవ పాత్రకు కాదు, పాఠకుడికి. ఈ మలుపు నాకు ఎంతో నచ్చింది. ద్రోహం బయటపడ్డాక వెనక్కి వెళితే జాడలు దొరకాలి, దొరకకపోతే రచయిత పాఠకుణ్ణి మోసగించినట్టే. అయితే "విషము" అన్న మాటతో నాకు పేచీ ఉంది. నవ్వు వెనుక విషం తప్ప మరేమీ లేని పాత్ర ముసుగు తీయగానే ఖాళీ అయిపోతుంది. విశాఖదత్తుడు ఈ పని చేయలేదు. జీవసిద్ధి ఎవరో మొదటి అంకంలోనే చాణక్యుడి నోట మనకు చెప్పించాడు. తెలియనిది రాక్షసుడికే. అతడు ఎవరిని ఆప్తుడని పిలిచినా మన గుండె బరువెక్కుతుంది. చివర్లో ఉలిక్కిపడటం కన్నా ఇది ఎన్నో రెట్లు బలమైన పద్ధతి అని నా గట్టి నమ్మకం.

ఆ మాట చదివి మరొక సభ్యురాలు పంపిన పద్యం:

తనను నమ్మిన కొమరునిఁ దలఁచి తలఁచి
భాగురాయణుఁ డెదలోన బాధపడియె;
రాక్షసుని వీడి యొంటిగా రాజు నడువ
ద్రోహి యైనట్టి మిత్రుఁడే త్రోవఁ జూపె.

అమ్మా, ఈ సమస్యకు నేను ఎదురుచూసిన పూరణ ఇదే. తనపై ఇంత స్నేహం చూపే రాకుమారుడైన మలయకేతువును వంచించడం ఎంత కష్టమో అని చాణక్యుడి మనిషైన భాగురాయణుడు తనలో తాను అనుకునే చోటు అయిదో అంకంలో ఉంది. అలా అనుకున్నవాడే, నీ తండ్రి పర్వతకుణ్ణి చంపించింది రాక్షసుడేనన్న అపవాదు మలయకేతువు చెవిన పడేలా చూస్తాడు. చాణక్యుడి చారుడు సిద్ధార్థకుడి దగ్గర దొరికిన, రాక్షసుడి ముద్ర వేసిన లేఖ, నగలు మిగతా పని పూర్తి చేస్తాయి. కుమారుడు రాక్షసుణ్ణి వెళ్లగొడతాడు, తన పక్షపు అయిదుగురు రాజులను చంపమంటాడు. పద్యంలో "త్రోవ" మేలుకు కాక పతనానికి దారి కావడం, దాన్ని చూపేవాడే లోలోపల నలిగిపోవడం, ఈ రెండూ నాలుగు పాదాల్లో ఇమిడాయి. "తలఁచి తలఁచి" అన్న ఆవృత్తి యతి పూరకం కాదు, ఆ మనసు నలగడాన్ని వినిపిస్తుంది. "రాజు" అన్నచోట అతడింకా కుమారుడే కదా అని ఎవరైనా అడగవచ్చు. తండ్రి పోయాక సేనను నడిపేవాడు అతడే కాబట్టి నేను అభ్యంతరం చెప్పను.

పూరణలు ఇంకా పంపవచ్చు. స్నేహితుడైన రాక్షసుడి కుటుంబాన్ని అప్పగించనని వధ్యస్థానం దాకా వెళ్లిన చందనదాసు వైపు నుంచి ఇంతవరకు ఎవరూ రాయలేదు. అతడు ద్రోహి కాడు, అయినా రాక్షసుణ్ణి చాణక్యుడి దగ్గరకు రప్పించింది అతడి స్నేహమే. ఈ పాదాన్ని అతడికి అన్వయించగలవారు ఎవరు?