పంతొమ్మిదో శతాబ్దపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఫొటోల ప్రదర్శనకి వెళ్తున్నాం, ఏం చూడాలి? ఎలా చూడాలి?

రెండోఏడు_బీఎఫ్ఏ:
శనివారం మా ఫొటోగ్రఫీ క్లాసుని తీసుకెళ్తున్నారు. రెండు గంటలే టైము. ఒక్క ఫొటో ఎంచుకుని నాలుగు పేజీలు రాయాలి. ఆనాటి ఆల్బుమెన్ ప్రింట్లతో పాటు కొత్తగా వేసినవీ ఉంటాయట. తేడా ఎలా పోల్చుకోవాలండీ? ఫ్లాష్ వాడనివ్వరు. నోట్సు కోసం అద్దం వెనకున్న ప్రింటుని ఎలా తీయాలి?

గాజుపలక:
లేబుల్‌లో రెండు తేదీలు వెతకండి. నెగటివ్ (వెలుగునీడలు తారుమారై కనిపించే గాజు పలక) తీసిన ఏడాది వేరు, ప్రింటు వేసిన ఏడాది వేరు. దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొన్నది. అలాంటి నెగటివ్‌ల నుంచి ఇప్పుడు వేసినదీ ఆయన పేరుతోనే గోడకెక్కుతుంది.

ఆల్బుమెన్ అంటే కోడిగుడ్డు తెల్లసొన, ఉప్పు కలిపి పూసిన పల్చటి కాగితం. దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేల్చి, ఆరాక నెగటివ్‌కి ఆనించి ఎండలో పెడతారు. అందుకే పలక ఎంతుంటే ప్రింటూ అంతే. మూడడుగుల ప్రింటు కనిపిస్తే అది దాదాపు ఖాయంగా కొత్తదే. పాతదానిలో నీడలు ఊదా కలిసిన గోధుమ రంగులో ఉంటాయి, తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపెక్కుతాయి. పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి: సన్నటి మెరుపు, పై పొరలో వెంట్రుకవాసి పగుళ్లు కనిపించొచ్చు. కాగితం ఊరికే చుట్టుకుపోతుంది కాబట్టి అట్టకి అంటించి ఉంటుంది. ఇంక్‌జెట్ ప్రింటైతే భూతద్దంలో సన్నటి సిరా చుక్కలు బయటపడతాయి.

ఎర్రదీపం:
రిపోర్టుల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఒకటుంది: "ఆకాశం తెల్లగా పోయింది, ఓవర్ ఎక్స్‌పోజర్" (కాంతి మరీ ఎక్కువ తగిలింది) అని రాసేస్తారు. ఆనాటి మామూలు పలకలు నీలం కాంతికే బాగా స్పందించేవి, ఎరుపుని పట్టుకునేవి కావు. నీలాకాశం నెగటివ్‌లో దట్టంగా నల్లబడి, ప్రింటులో ఖాళీగా మిగులుతుంది. ఎర్ర తలపాగా నల్లగా వస్తుంది. కాబట్టి ప్రింటు చూసి బట్టల రంగూ ఒంటి ఛాయా తేల్చకండి.

కదిలే వాటినీ గమనించండి. జెండా, ఏనుగు చెవి, చెట్టుకొమ్మ అలికినట్టుందా, కత్తిరించినట్టుందా? తడి కొలోడియన్ పలకని (కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి తడిగానే వాడే గాజు పలక) పూత ఆరకముందే, అంటే పది పదిహేను నిమిషాల్లోపు, ఎక్స్‌పోజ్ చేసి డెవలప్ చేయాలి. మన ఎండల్లో అంత వ్యవధీ దొరకదు, పైగా డార్క్‌రూమ్ డేరా వెంట ఉండాల్సిందే. 1880ల్లో జెలటిన్ డ్రై ప్లేట్లు (ముందే పూత పూసి ఆరబెట్టిన పలకలు) వాడుకలోకి వచ్చాక ఆ బరువు తగ్గింది, ఎక్స్‌పోజర్ సమయమూ తగ్గింది. మీరు ఎంచుకున్న ఫొటో ఏ పలక మీద తీశారో తెలిస్తే నాలుగు పేజీలకి సరిపడా సరుకు దొరికినట్టే.

రెండోఏడు_బీఎఫ్ఏ:
చాలా థాంక్సండీ. గది మరీ చీకటిగా ఉంటుందని సీనియర్లు అంటున్నారు, నిజమేనా?

గాజుపలక:
నిజమే. ఆల్బుమెన్ వెలుతురుకి వెలిసిపోతుంది, అందుకే వెలుతురుని 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలిచే ప్రమాణం) మించనివ్వరు. ఎండలోంచి వచ్చి వెంటనే చూస్తే నీడల్లో ఏమీ కనపడదు, ఐదు నిమిషాలు కళ్లని అలవాటు పడనివ్వండి.

ఆ వెలుతురులో ఐఎస్ఓ (కెమెరా కాంతిని పట్టే సున్నితత్వం) 1600, లెన్స్ రంధ్రం ఎఫ్/2.8 పెడితే షట్టర్ సుమారు 1/40 సెకను వస్తుంది. చెయ్యి వణికితే ఐఎస్ఓ 3200కి పెంచి 1/80 పెట్టండి. ముందు ఫొటోలు తీసుకోవచ్చో లేదో సిబ్బందిని అడగండి. ప్రింటుకి ఎదురుగా నిలబడితే పోలరైజర్ (మెరుపు తగ్గించే లెన్స్ ఫిల్టర్) అద్దం మీది మెరుపుని ఆపదు, పైగా ఒకటిన్నర స్టాప్ (ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది) మింగేస్తుంది. మీ చొక్కానే అద్దంలో పడుతుంది, కాబట్టి నల్లది వేసుకోండి. వెనక స్నేహితుడొకరు నల్లగుడ్డ పట్టుకుంటే ఇంకా మంచిది. లేబుల్‌కి విడిగా ఒక ఫొటో తీయండి, లేకపోతే ఇంటికెళ్లాక ఏది దేనిదో పోల్చుకోలేరు.

ఎర్రదీపం:
పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లండి. చాలా చోట్ల సిరా పెన్నులు లోపలికి రానివ్వరు. ఫోన్ తెర ఆ పసుపునీ ఊదానీ సరిగ్గా చూపదు, రంగుల వివరం ప్రింటు ముందు నిలబడే రాసుకోండి.